ఎడమ పక్క పాట

నా భార్య విమలమ్మ పోయాక మా ఇంట్లో దగ్గంటే భయం. పొయ్యి పొగకి దగ్గినా, పోపు ఘాటుకి దగ్గినా, చేస్తున్న పని ఆపేసి వినేవాణ్ణి. పొడి దగ్గో తడి దగ్గో తేలేదాకా ముద్ద గొంతు దిగేది కాదు. ఇంట్లో ఉన్నది ఇద్దరమే. నేనూ, నా కూతురు జయమణీ.

ఇది ఎనభై అయిదో సంవత్సరం వానాకాలం సంగతి.

అప్పుడు నేను ఫిషింగ్ హార్బర్‌లో ఐసు ఫ్యాక్టరీలో కంప్రెసర్ దగ్గర పని చేసేవాణ్ణి. తెల్లవారకముందే బోట్లకి ఐసు అందాలి గనక చీకట్లో వెళ్ళి పొద్దెక్కాక ఇంటికి వచ్చేవాణ్ణి. ఏళ్ళ తరబడి ఆ మిషను నా ఎడమ పక్కనే మోగింది. ఎడమ చెవి పోయింది. కొంచెం కాదు, పూర్తిగా. ఈ సంగతి జయమణికి తప్ప ఎవరికీ తెలియదు. మిషను తేడాగా కొట్టుకుంటే అందరికంటే ముందు వినవలసినవాణ్ణి నేను. చెవి లేదని తెలిస్తే ఓనరు ఆ పూటే పొమ్మంటాడు. అందుకని ఎవరైనా ఎడమ పక్క నుంచి పిలిస్తే పలికేవాణ్ణి కాదు. పొగరుమోతని పేరొచ్చింది. ఆ పేరు నాకు పనికొచ్చింది.

విమలమ్మ పాటలు కట్టేది. చదువు నా అంతే, ఊళ్ళో అయిదో తరగతి. అయినా జాలరిపేటలో మావాళ్ళ ఆడవాళ్ళు ప్రార్థనకి కూడినప్పుడు పాడుకునే పాటలు సగం ఆమెవే. ఆమె పాటకి ఒక పద్ధతి ఉంది. చరణం మొత్తం ఒక్క ఊపిరిలో పాడాలి. మధ్యలో ఊపిరి తీస్తే, దేవుడితో మాట్లాడుతూ పక్కవాళ్ళకేసి తిరిగినట్టు అనేది. ఆఖరి సంవత్సరం ఆమెకే ఊపిరి చాలలేదు. చరణం చివర గొంతు చీలిపోయేది. చర్చిలో పాటల గుంపుకి పెద్ద జాన్‌బాబు. వాడు ఆమెని ముందు వరస నుంచి తీసి ఆఖరి వరసలో నిలబెట్టాడు. వినేవాళ్ళకి ఇబ్బందన్నాడు. హార్మనీ పెట్టె గట్టిగా వాయించమన్నాడు. ఆ మోతలో ఆమె ఊపిరి ఎవరికీ వినబడలేదు. వినబడేసరికి ఆలస్యమైపోయింది. ఆస్పత్రికి నడిచి వెళ్ళిన మనిషి బండి మీద ఇంటికొచ్చింది.

ఆ తరవాత నేను చర్చి గడప తొక్కలేదు. పూర్ణా మార్కెట్లో జాన్‌బాబు ఎదురుపడి పలకరిస్తే పోయిన చెవి వాడి వైపు పెట్టి నడిచిపోయేవాణ్ణి.

జయమణికి తల్లి గొంతు వచ్చింది. పంతొమ్మిదేళ్ళు. మద్దిలపాలెం వెళ్ళి టైపు నేర్చుకునేది. వానలు మొదలైన కొత్తలో ఒక రోజు అన్నం పెడుతూ అంది.

"అమ్మ పాటలు కేసెట్టు సేసేద్దాం నాన్నా. జాన్‌బాబుగారోలు వరసలు మార్సీసి పాడతన్నారు. ఇంకొన్నాళ్ళు పోతే ఇవి అమ్మయని ఎవులికీ తెల్దు."

చేసేవాడెవడని అడిగాను. ఇద్రీస్ అని చెప్పింది.

పూర్ణా మార్కెట్ వెనక సందులో సర్దార్ బీ పరుపుల కొట్టు. దూదేకులవాళ్ళు. ఇద్రీస్ ఆవిడ కొడుకు. పరుపులు కుట్టడం ఒంటబట్టక పెళ్ళిళ్ళకీ సభలకీ మైకు సెట్లు అద్దెకిచ్చేవాడు. హార్మనీ వాయిస్తాడు. పోర్టులో ఆగిన ఏదో విదేశీ ఓడ సెయిలరు దగ్గర మంచి టేపురికార్డరూ, చెవులు రెండూ మూసేసే హెడ్‌ఫోనూ కొన్నాడు. వానాకాలంలో దూది చెమ్మగిల్లుతుంది, ఏకడం కుదరదు. అందుకని వాళ్ళ దూది గది ఖాళీ. నాలుగు గోడలకీ పైకప్పు దాకా దూది బస్తాలు. లోపల మాట్లాడితే మాట గోడకి తగిలి తిరిగి రాదు, నోటి ముందే పడిపోతుంది.

"మద్రాసు స్టూడియో అయినా ఇలగే ఉంటాది బాబాయ్" అన్నాడు ఇద్రీస్.

"మద్రాసు నాకు తెల్దు. పాట పైనుండాల, వాయిద్యం కిందుండాల. తేడా వత్తే నాను ఊరుకోను" అన్నాను.

అదొక్కటే నా షరతు. వాడు ఓపిగ్గా చెప్పాడు. జయమణి ముందు ఒక మైకు, హార్మనీకీ డోలక్‌కీ కలిపి ఇంకో మైకు. రెండూ ఒకే టేపులో విడివిడిగా పడతాయి. పాటలన్నీ అయ్యాక ఆంప్లిఫయర్ మీటలు తిప్పుతూ, గొంతు ఎంతుండాలో వాయిద్యం ఎంతుండాలో చూసుకుంటూ, రెంటినీ కలిపి వేరే టేపులోకి ఎక్కించాలి. దాన్ని మిక్సింగ్ అంటారు. ఒకసారి కలిపేశాక మళ్ళీ విడదియ్యడం ఎవరివల్లా కాదు.

మొదటి రోజే జయమణి నన్ను గదిలోంచి పంపించేసింది. నేనుంటే దానికి గొంతు రాదట, అమ్మ గుర్తొస్తుందట. అరుగు మీద కూర్చున్నాను. పక్కన సర్దార్ బీ పెద్ద సూదితో పరుపు కుడుతోంది.

"కూకో తమ్ముడూ. నువ్వు ఆమిదం తాగినట్టు మొకం పెట్టి ఎదురుగా కూకుంటే పాపం ఆ పిల్లకి పాటెలగొత్తాది."

తలుపు మూశారు. దూది బస్తాల అవతల నా కూతురు పాడుతోందో లేదో కూడా తెలియలేదు. వాన, మార్కెట్ గోల, రేవులో ఓడ కూత. అంతే.

బయటికి వచ్చేసరికి జయమణి దగ్గుతోంది. నేను లేచి నిలబడ్డాను.

"దూది నాన్నా" అంది.

నేను సర్దార్ బీ వైపు చూశాను. కొత్తవాళ్ళకి నాలుగు రోజులు అలాగే ఉంటుందనీ, ముక్కుకి గుడ్డ కట్టుకోవాలనీ చెప్పింది ఆవిడ. ఆ మరుసటి వారం వెళ్ళినప్పుడు జయమణి దగ్గలేదు. ఇంట్లోనూ దగ్గలేదు. నేను కాపలా కాశాను. దగ్గు రాలేదు. అమ్మయ్య అనుకున్నాను.

వినాయక చవితి వెళ్ళాక నాలుగైదు పాటలు తయారయ్యాయి. వినిపించమన్నాను. ఇద్రీస్ దగ్గరున్న మైకు గొట్టాలన్నీ వినాయకుడి పందిళ్ళకి పోయాయి. హెడ్‌ఫోన్ తెచ్చి వాడే నా తలకి తొడిగాడు. వైరు ఎడమ భుజం మీంచి కిందికి వేలాడింది.

హార్మనీ వినబడింది. డోలక్ వినబడింది. వాటి వెనక ఎక్కడో, గోడవతల పక్కింట్లో పాడుతున్నట్టు, జయమణి.

"మా పిల్లేది?" అన్నాను.

"ఉంది కద బాబాయ్."

"నువ్వున్నావు. ఈ డోలక్కోడున్నాడు. మా పిల్ల నేదు."

డోలక్ కొట్టేది కరీం బాషా, ఇద్రీస్ మేనత్త కొడుకు. వాడి బావమరిది మా ఫ్యాక్టరీలోనే ఐసు మోస్తాడు.

"నాను మెల్లగానే కొట్టాను బాబాయ్. నిద్దరోతన్న దోమని లేపకుండా కొట్టాను" అన్నాడు వాడు.

ఇద్రీస్ హెడ్‌ఫోన్ తను పెట్టుకుని విన్నాడు. గొంతే పైనుందన్నాడు. ఇంకేదో చెప్పబోయి జయమణి వైపు చూశాడు. అది తల కొంచెం అడ్డంగా ఊపింది. వాడు నోరు మూసుకున్నాడు.

"ఆకర్న కలిపినపుడు సరిపోద్ది నాన్నా" అంది జయమణి.

గట్టిగా అడిగేవాణ్ణే. అడిగితే ఏ చెవికి వినబడలేదో చెప్పవలసి వస్తుంది. కరీం బాషా అక్కడే ఉన్నాడు. ఊరుకున్నాను.

కానీ ఆ తల ఊపడం నాతోపాటు ఇంటికొచ్చింది. నాకు తెలియకుండా వాళ్ళిద్దరికీ ఒక మాటుంది. ఏం మాట?

అప్పటి నుంచి నేను దగ్గుకి కాపలా కాయడం మానేసి దాన్ని కాపలా కాయడం మొదలుపెట్టాను. ఒక్కొక్కటే కనబడ్డాయి. ఇదివరకు రోడ్డు మీద నా కుడి పక్కన నడిచేది, కబుర్లు చెబుతూ. ఇప్పుడు ఎడమ పక్కకి వచ్చేస్తోంది. అన్నం దగ్గరా అంతే, కంచం తీసుకుని ఎడమ పక్క చేరేది. కిటికీలోంచి జల్లు కొడుతోందని తన చాప కూడా ఆ పక్కకి మార్చుకుంది. నాతో మాట్లాడడం ఇష్టం లేకపోబట్టే మాట వినబడని వైపు ఉంటోందనుకున్నాను. తిండి తగ్గింది. మనిషి చిక్కింది. పొద్దుగూకేసరికి చెంపలు ఎర్రబడేవి, కళ్ళు మెరిసేవి. తడవకొకసారి బిందె పట్టుకుని కుళాయికి వెళ్ళేది, వెళ్తే తొందరగా వచ్చేది కాదు. ఆ వయసు పిల్లకి ఇవన్నీ ఎందుకొస్తాయో నాకు తెలుసనుకున్నాను. అన్నిటికంటే నన్ను భయపెట్టింది ఒకటి. నా ఎదుట అది ఇద్రీస్‌ని ఏ పేరుతోనూ పిలిచేది కాదు. అన్నా అనదు, ఇద్రీస్ అనదు. పిలవవలసి వస్తే దగ్గరికి వెళ్ళి నిలబడేది.

వాడు నన్ను బాబాయ్ అంటాడు. అననీ. నోటితో అనే వరసలు ఎన్ని చూడలేదు.

విమలమ్మని ఊపిరి పట్టుకుపోయింది. దీన్ని వీడు పట్టుకుపోతాడు. ఐసు ఫ్యాక్టరీలో మిషను ముందు కూర్చుని ఇదే అనుకునేవాణ్ణి. ఒక ఉదయం ఇంటికొచ్చి తలుపు తోస్తే జయమణి ఉండదు. టైపు కాయితాలుంటాయి, చాప ఉంటుంది, అది ఉండదు. తలుపు తోసే ముందు రోజూ ఒక క్షణం గడప మీద ఆగేవాణ్ణి. లోపల గిన్నె చప్పుడైతేనే అడుగు పెట్టేవాణ్ణి.

కేసెట్టు ఆపేద్దామని చాలాసార్లు నోటిదాకా వచ్చింది. ఆపితే కలుసుకోవడానికి ఇంకో చోటు చూసుకుంటారు, అది నాకు తెలియదు. పైగా అవి విమలమ్మ పాటలు. పాటలైపోగానే దాన్ని ఊళ్ళో మా అక్క గురువమ్మ దగ్గర దింపేద్దామని నిశ్చయించుకున్నాను. జయమణికి చెప్పలేదు.

దసరా వెళ్ళాక ఒక మధ్యాహ్నం అరుగు మీద సర్దార్ బీ సూది దించకుండానే అంది.

"తమ్ముడూ, పిల్లని ఓపాలి డాక్టరుకి సూపించు. మరీ సిక్కిపోతంది."

"మా పిల్ల సంగతి నాను సూసుకుంటాను. నీ కొడుకు సంగతి నువ్వు సూసుకో."

ఆవిడకి అర్థమైంది. సూది ఆగింది. నా మొహంలోకి సూటిగా చూసింది.

"నా కొడుకు సంగతి నాకు తెలుసు. నీ కూతురి సంగతే నీకు తెల్దు."

నా అనుమానాన్ని ఆవిడే ఒప్పుకుందనుకున్నాను. లేచి వచ్చేశాను. ఆ రోజు జయమణిని చెయ్యి పట్టుకుని ఇంటికి నడిపించాను. చెయ్యి వేడిగా ఉంది. అదీ వేరేగా అనుకున్నాను.

వానలు వెనకపట్టాయి. ఒక్క పాట తప్ప అన్నీ అయ్యాయి. ఇద్రీస్ మిక్సింగ్‌కి సిద్ధమవుతున్నాడని తెలిసింది. ఒక శుక్రవారం మధ్యాహ్నం, జయమణి టైపు పరీక్షకి వెళ్ళిన సమయం చూసుకుని, ఒక్కణ్ణే వెళ్ళాను. ఈ ఆదివారంతో ముగించు, ఆ తరవాత మా పిల్ల నీ గడప తొక్కదు అని చెప్పడానికి.

ఇద్రీస్ మసీదుకి వెళ్ళాడు. సర్దార్ బీ లోపల పొయ్యి దగ్గరుంది. దూది గది తలుపు తెరిచే ఉంది. ఎండ కాస్తోంది గనక మళ్ళీ దూది ఏకడం మొదలుపెట్టినట్టున్నారు, విల్లు గోడకి వేలాడుతోంది. స్టూలు మీద టేపురికార్డరు, దాని మీద హెడ్‌ఫోన్. ఎన్నిసార్లు చూశానో, ఏ మీట నొక్కాలో నాకు తెలుసు.

ఎప్పుడూ ఇద్రీసే తొడిగేవాడు. ఆ రోజు నేనే తొడుక్కున్నాను. వైరు కుడి భుజం మీద పడింది. పట్టించుకోలేదు. మీట నొక్కాను.

హార్మనీ దూరంగా వెళ్ళిపోయింది. డోలక్ పక్క వీధిలో ఎక్కడో మోగుతోంది. నా కూతురు నా చెవిలో పాడింది.

*ఒడ్డు కానరాకున్నా ఓడ నీదేనయ్యా.*

అచ్చంగా తల్లి. 'ఓడ' దగ్గర గొంతుని కొంచెం కిందికి దించి పైకి తేవడం, కెరటం మీద బోటు లేచినట్టు, అదీ వచ్చింది. ఇంత గొంతుని వీళ్ళు ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారు అని కోపమొచ్చింది. ఆ కోపం చరణం చివరిదాకానే.

మాట అయిపోయింది. ఊపిరి తీసింది.

ఆ ఊపిరి వెనక ఒక చప్పుడుంది. ఐసు పలుకుని తడి గోనెలో పెట్టి మెల్లగా నొక్కితే వచ్చే చప్పుడు. నాకది తెలుసు. ఒక సంవత్సరం పాటు నా పక్కలో పడుకున్న చప్పుడు.

రెండో చరణం. చివర మళ్ళీ అదే. మూడో చరణం మధ్యలో ఆగి ఊపిరి తీసింది. తల్లి పెట్టిన పద్ధతి తప్పి, మధ్యలో. పాట అయిపోయింది. టేపు ఆపలేదు. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని దగ్గడం వినబడింది. చాలాసేపు. దూది దగ్గు కాదది. తరవాత రొప్పుతూ జయమణి మాట.

"అన్నా, నా గొంతు ఈ ఎడమ పక్కే ఉంచు. నాన్నకి ఆ సెవి వినబడదు. కలిపినపుడు సరణం ఆకర్న హార్మనీ పెంచీ."

"నాకెందుకమ్మా ఈ పాపం? బాబాయ్‌కి సెప్పీ."

"ఈ పాటలవనీ. అవగానే నానే సెప్తాను. ఇప్పుడు తెలిత్తే ఆపించెత్తాడన్నా."

టిక్కుమని ఆగింది.

హెడ్‌ఫోన్ తీసి చూశాను. ఆ డొప్పల మీద ఒకదానికి ఒక అక్షరం, రెండోదానికి ఇంకో అక్షరం. తిప్పి తొడుక్కున్నాను, అంతే. ఎడమ వైపు పాట నా కుడి చెవిలో పడింది. నడకలో ఎడమ పక్క, కంచం ఎడమ పక్క, చాప ఎడమ పక్క, చివరికి పాట కూడా ఎడమ పక్క. నాలో ఏ తలుపు మూసుకుపోయిందో తెలిసింది దానికొక్కదానికే. ఆ తలుపు వెనకే దాక్కుంది.

దూది బస్తా మీద కూర్చుండిపోయాను. ఇన్నాళ్ళూ నేను భయపడింది చిన్నదానికి.

ఇద్రీస్ టోపీ తీస్తూ గుమ్మంలోకి వచ్చాడు. నా చేతిలో హెడ్‌ఫోన్ చూశాడు. నా మొహం చూశాడు.

"బాబాయ్" అన్నాడు.

వాణ్ణి కొట్టలేదు. అంతవరకే. హెడ్‌ఫోన్ స్టూలు మీద పెట్టి బయటికి నడిచాను. అరుగు మీదికి సర్దార్ బీ వచ్చి నిలబడింది. ఆవిణ్ణి దాటుకుని వీధిలోకి దిగాను.

ఇంటికి వచ్చేసరికి జయమణి పరీక్ష నుంచి వచ్చి చేపలు తోముతోంది. పరీక్ష బాగా రాశానంది. నేను పీట లాక్కుని ఎదురుగా కూర్చున్నాను. చాలాసేపు దాని చేతులు చూశాను. మణికట్టు ఎముక బయటికి వచ్చేసింది. కళ్ళెదుటే ఉంది, ఎన్నాళ్ళుగానో.

"రేపు ఆస్పత్రికి ఎల్దాం" అన్నాను.

"దూది నాన్నా."

"దూది కాదు. ఇన్నాను."

చేప చేతిలోంచి నీళ్ళలోకి జారింది. అది ఎక్కడ విన్నావనీ, ఎలా విన్నావనీ అడగలేదు. తల వంచుకుని చేతులు కడుక్కుంది. నీళ్ళలోకి చూస్తూనే అంది.

"అమ్మ కూడా నడిసే ఎల్లింది నాన్నా."

అది భయపడి దాచింది. వాళ్ళమ్మ పాటలు కాదు అసలు కారణం, అవి అది తనకి తను చెప్పుకున్న సాకు. ఆస్పత్రి తలుపు లోపలికి వెళ్ళినవాళ్ళు తిరిగి రారని పదిహేనేళ్ళప్పుడు కళ్ళారా చూసింది.

మర్నాడు ఆస్పత్రి వరండాలో బల్ల మీద కూర్చున్నాం. లోపల ఛాతీ ఫోటో తీశారు, బయట కూర్చోమన్నారు. బల్ల పొడుగునా దగ్గేవాళ్ళే. జయమణి అలవాటుగా నా ఎడమ పక్కన కూర్చుంది. నేను లేచాను. దాని అవతలికి వెళ్ళి కూర్చున్నాను. ఇప్పుడది నా కుడి పక్కనుంది.

అది నా వైపు చూసింది. ఇన్నాళ్ళూ బిగబట్టిన దగ్గంతా ఒక్కసారి వదిలింది. ఆ చప్పుడు నా చెవిలో పడింది. చెవి పక్కకి తిప్పుకోబుద్ధేసింది. తిప్పుకోలేదు.

పేరు పిలిచారు. క్షయ అన్నాడు డాక్టరు, ఒక పక్క ఊపిరితిత్తికే పట్టిందన్నాడు. రోజూ ఇంజక్షను, నెలల తరబడి మాత్రలు, పాలు, గుడ్లు. దూది దగ్గరికి వెళ్ళకూడదు. పాడకూడదు. వేళకే తెచ్చారన్నాడు. విమలమ్మప్పుడు ఆ మాట ఎవరూ అనలేదు గనక, నమ్మాలో లేదో నాకు తెలియలేదు. ఆ చలికాలమంతా నమ్మకుండానే ఇంజక్షన్లకి తిప్పాను. పొద్దున్న ఫ్యాక్టరీ నుంచి వచ్చి తలుపు తోసే ముందు గడప మీద ఆగడం మానలేదు. ఇప్పుడు గిన్నె చప్పుడు కోసం కాదు.

క్రిస్మస్‌కి ముందు ఇద్రీస్ మా ఇంటికి వచ్చాడు. రిక్షాలో రెండు టేపురికార్డర్లు, ఆంప్లిఫయర్, ఒక స్పీకరు పెట్టె. నేను పిలవలేదు. జయమణి కబురు పెట్టింది. వాడు గుమ్మం బయటే నిలబడ్డాడు. నేను రమ్మనలేదు, పొమ్మనలేదు. కాసేపటికి జయమణే "రా అన్నా" అంది. నా ఎదుట దానికి ఆ పిలుపు రావడం అదే మొదలు. అన్నా అని పిలిచేవాడి చేత తండ్రికి అబద్ధం ఆడించడం దానికి సిగ్గనిపించిందట, అందుకే ఇన్నాళ్ళూ నా ముందు పిలవలేకపోయిందట.

మంచం మీద సామాను సర్దాడు. ఒక పాట తక్కువ, అది ఇక రాదు. ఉన్నవాటిని కలపాలి. రెండు మీటలు. ఒకటి జయమణిది, ఒకటి వాయిద్యాలది.

"హార్మనీ ఎంత పెట్టమంటావు బాబాయ్?" అన్నాడు, నా వైపు చూడకుండా.

"సరణం ఆకర్న పెంచన్నా" అంది జయమణి గోడవార నుంచి.

పాట మొదలైంది. మొదటి చరణం చివరికి వస్తుంటే వాడి చెయ్యి వాయిద్యాల మీట మీదికి వెళ్ళింది. నేను వాడి చెయ్యి తీసేశాను. మీట నేను పట్టుకుని వెనక్కి తిప్పాను. హార్మనీ వెనక్కి తగ్గింది. గదిలో ఆ ఊపిరి ఒక్కటే వినబడింది, తడి గోనె చప్పుడుతో సహా.

"అది అందరికీ వినబడతాది నాన్నా" అంది జయమణి.

"వినబడనీ."

మళ్ళీ మొదటికి తిప్పమన్నాను. అన్ని పాటలకీ మీట నేనే పట్టుకున్నాను. చరణం చివర ప్రతిసారీ హార్మనీ పెంచి ఆ చప్పుడు మూసెయ్యాలని చెయ్యి దానంతటదే లాగేది. జాన్‌బాబుకి ఆ పని ఎంత సుఖంగా ఉండి ఉంటుందో అప్పుడు తెలిసింది. తెలిసింది గనక క్షమిస్తానని కాదు.

కేసెట్టు పేటంతా తిరిగింది. క్రిస్మస్ వెళ్ళాక జాన్‌బాబే మా గుమ్మంలోకి వచ్చాడు. చర్చిలో పెట్టుకుంటాం, ఒకటి ఇమ్మన్నాడు. పాటలు బాగున్నాయన్నాడు. తరవాత నసిగాడు.

"ఆ సరణాల ఆకర్న సప్పుడొకటుంది సత్యం బావా. వినేవోలికి అదోలా ఉంటాది. తీయించీడానికి అవదేటి?"

ఈసారి నా కుడి పక్క వాడి వైపు పెట్టాను.

"అవదు. కలిపేసేక విడదియ్యడం ఎవులివల్లా కాదు" అన్నాను.

కేసెట్టు ఇచ్చాను. ఇవ్వకపోతే వాడు వినడు.

జయమణి బతికింది. ఒక చరణం ఒక్క ఊపిరిలో పాడడం మళ్ళీ దానికి రాలేదు. పాడమని నేను అడగలేదు. సర్దార్ బీ ఏటా రంజానుకి సేమ్యా పంపిస్తుంది, తింటాను. ఇద్రీస్‌తో మాట్లాడను. వాడు మంచివాడని జయమణి అంటుంది. కావచ్చు. తెలిసి చెప్పనివాణ్ణి నేను క్షమించను.

అది ఇప్పుడు నా కుడి పక్కనే కూర్చుని తింటుంది. ముద్ద నోట్లో పెట్టుకునే ముందు నేను ఒకసారి ఆగుతాను, అది ఊపిరి తీసేదాకా.